నేరకథల సభకు మనమెందుకు పోవాలి?

(యువ రచయితల శిక్షణ తరగతుల రెండో రోజున, మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నంలో నేరకథలు రాసేవాళ్ల సభ జరగబోతోంది. రెండు రోజుల సభ. మన దగ్గర కథలు రాస్తున్న ముగ్గురికి పిలుపొచ్చింది. ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. పిలుపొచ్చిన నాటి నుంచి మన కమిటీలో రెండు మాటలు వినబడుతున్నాయి. "డిటెక్టివు కథలేంట్రా, ఉద్యమం చేసుకోక? హత్యలూ దోపిడీలూ చదువుకుని కాలక్షేపం చేసేవాళ్ల మధ్య మనకేం పని?" అని ఒక మాట. "చందా, బస్సు ఛార్జీలు కలిపి మనిషికి రెండు వేలు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది" అని ఇంకో మాట. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అందుకే దీని మీద మాట్లాడతామని మేమే అడిగి ఈ గంట తీసుకున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్తున్నాం. పోవాలి. అయితే తిరునాళ్లకు పోయినట్టు పోగూడదు. అక్కడేం జరుగుతుందో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, మనలాంటివాళ్లు వేరే దేశాల్లో ఇలాంటి సభల్లోకి ఎట్లా జొరబడ్డారో తెలుసుకుని పోవాలి.

నేరకథ వయసు పెద్దదేం కాదు. అమెరికాలో ఎడ్గార్ అలెన్ పో అనే ఆయన 1841లో రాసిన కథను మొదటి డిటెక్టివు కథగా చెప్తారు. ఆ తరవాత ఇంగ్లండులో ఈ కథలకు గిరాకీ బాగా పెరిగింది. 1930లో లండనులో ఈ రచయితలంతా కలిసి 'డిటెక్షన్ క్లబ్' అని ఒకటి పెట్టుకున్నారు. అందులో చేరాలంటే ప్రమాణం చెయ్యాలి. తమాషాగా ఒక పుర్రె ఎదుట చేసేవాళ్లు ఆ ప్రమాణం. దాని సారం వినండి. దైవవాణి వినిపించిందనో, మంత్రం వేస్తే తెలిసిందనో, అదాటున కలిసొచ్చిందనో చెప్పి మా డిటెక్టివు చేత దొంగను పట్టించం. బుద్ధితోనే పట్టిస్తాం. పాఠకుడి దగ్గర ఒక్క ఆధారం కూడా దాచిపెట్టం. ఇదీ ప్రమాణం.

మిత్రులారా, ఇందులో మనం కాదనేది ఏముంది? పూనకంలో అమ్మవారు పేరు చెప్పిందని మనవాళ్లని చేతబడిగాళ్లనే ముద్ర వేసి చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్లు మనకు తెలియవా? ఆధారం చూపించకుండా ఎవణ్నీ దొంగ అనడానికి లేదు అనే కథ మనకు పనికిరాని కథ ఎట్లా అవుతుంది?

కానీ అదే కాలంలో ఇంకో సంగతి ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే కేథలిక్ ఫాదరు నేరకథలకు పది ఆజ్ఞలు రాశాడు. బైబిలు పది ఆజ్ఞల్లాగే. అందులో అయిదో ఆజ్ఞ ఏమిటంటే, కథలో చీనా మనిషి ఉండగూడదు! ఎందుకట? ఆ రోజుల్లో చవక నవలలన్నిట్లో హంతకుడు చీనా వాడే. చదివేవాళ్లకు విసుగు పుట్టింది. ఆ వెటకారంతోనే ఆయన ఆ ఆజ్ఞ రాశాడని పండితులు చెప్తారు. సరే, వెటకారమే అనుకుందాం. ఒక జాతిని అన్ని కథల్లో దొంగను చేశారు. అది పాతబడ్డాక అసలు కథలోనే ఉండొద్దన్నారు. ఆ చీనా మనిషి డిటెక్టివు కావొచ్చునని మాత్రం ఆ ఆజ్ఞల్లో ఎక్కడా లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఇక సభల సంగతి. అమెరికాలో 1945లో 'మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా' అనే సంఘం పెట్టారు. వాళ్లిచ్చే బహుమతికి పో పేరు మీద 'ఎడ్గార్' అని పేరు. జీవితమంతా రాసిన పెద్దలకు 'గ్రాండ్ మాస్టర్' అనే గౌరవం ఇస్తారు. 1955లో మొదట అందుకున్నది అగాథా క్రిస్టీ. సంఘం రచయితలది. పాఠకులూ రచయితలూ కలిసే పెద్ద సభ వేరే ఉంది. దాని పేరు 'బౌచర్‌కాన్'. ఆంథొనీ బౌచర్ అనే విమర్శకుడు 1968లో చనిపోతే, ఆయన పేరున 1970లో శాంటా మోనికా ఊళ్లో మొదలుపెట్టారు. ఏటా ఒక్కో ఊళ్లో పెడతారు. జీతం తీసుకోకుండా పనిచేసే కార్యకర్తలే నడుపుతారు. అచ్చం మన సభల్లాగే!

ఒక పెద్ద హోటలు తీసుకుంటారు. చందా కట్టిన వాళ్లందరి మెళ్లో పేరున్న బిళ్ల వేలాడుతుంది. రచయితకూ బిళ్లే, చదువరికీ బిళ్లే. గదికొక చర్చ. నలుగురైదుగురు రచయితలు వరసగా కూర్చుంటారు. ఒకరు ప్రశ్నలడుగుతారు, కింద కూర్చున్నవాళ్లూ అడుగుతారు. విషాల గురించి ఒక గదిలో మాట్లాడుతుంటే, పోలీసు దర్యాప్తు గురించి ఇంకో గదిలో మాట్లాడుతుంటారు. చర్చ అయ్యాక బల్లల దగ్గర కూర్చుని పుస్తకాల మీద సంతకాలు పెడతారు. ఒక హాలు నిండా పుస్తకాల అమ్మకం. ఆఖరికి 'ఆంథొనీ' బహుమతులు. 1986 నుంచి ఇస్తున్నారు. సభకొచ్చిన వాళ్ల ఓట్లతోనే ఆ బహుమతి ఇస్తారు. పెద్దమనుషుల కమిటీ తలుపులేసుకుని తేల్చేది కాదు. ఈ పద్ధతి మెచ్చుకోవాల్సిందే.

అయితే అసలు పని వేదిక మీద జరగదు. మన ఊళ్లో తీర్మానం పంచాయతీ ఆఫీసులో రాస్తారు గానీ, నిర్ణయం పెద్ద కామందు అరుగు మీద జరుగుతుంది గదా! అక్కడ కూడా అంతే. ఎవరి పుస్తకం ఎవరు అచ్చేస్తారు, వచ్చే ఏడు వేదిక మీద ఎవర్ని కూర్చోబెడతారు అనేవి టీ బల్ల దగ్గర, సాయంత్రం హోటలు బారు దగ్గర తేలుతాయి. ఆ మూల ఎవరికి ఎవరు తెలుసో వాళ్లదే రాజ్యం. మరి ఆ మూలలో నల్లవాళ్లకు చోటు ఎప్పుడొచ్చింది?

నల్లవాళ్లు నేరకథలు రాయక కాదు. రుడాల్ఫ్ ఫిషర్ అనే నల్ల డాక్టరు 1932లోనే హార్లెం పేటలో జరిగే హత్య మీద నవల వేశాడు. డిటెక్టివు నల్లవాడు, డాక్టరు నల్లవాడు, పాత్రలంతా నల్లవాళ్లే. చెస్టర్ హైమ్స్ అని ఇంకొకాయన. పందొమ్మిదేళ్ల వయసులో, 1928లో దోపిడీ కేసులో జైలుకెళ్లాడు. ఇరవై ఏళ్లకు పైబడిన శిక్ష. జైల్లోనే కథలు రాయడం మొదలుపెట్టి 1934లో పెద్ద పత్రికలో అచ్చయ్యాడు. 1936లో బయటికొచ్చాడు. స్వదేశంలో ఇమడలేక ఫ్రాన్సు పోయాడు. అక్కడ రాసిన హార్లెం పోలీసుల నవలకు 1958లో ఫ్రాన్సు వాళ్లు తమ నేరకథల పెద్ద బహుమతి ఇచ్చారు. పుట్టిన దేశంలో దొరకని గౌరవం పరాయి దేశంలో దొరికింది.

మేము మీకు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది బార్బరా నీలీ గురించి. 1941లో పుట్టిన నల్లజాతి మహిళ. మనలాగే ఉద్యమాల్లో పనిచేసిన మనిషి. 1992లో ఆమె మొదటి నవల 'బ్లాంచ్ ఆన్ ద లామ్' వచ్చింది. అందులో నేరం విప్పేది ఎవరనుకున్నారు? పోలీసు కాదు, కోటు తొడుక్కుని పైపు తాగే దొర కాదు. పనిమనిషి! నల్లటి మనిషికి పేరేమో బ్లాంచ్ వైట్. రెండు ముక్కలకూ తెలుపనే అర్థం. యజమానులు జీతాలు ఇవ్వకుండా ఊరెళ్లిపోతే ఆమె రాసిన చెక్కులు చెల్లక నెల్లాళ్లు జైలు శిక్ష పడుతుంది. కోర్టు నుంచి తప్పించుకుని ఒక డబ్బున్న తెల్లవాళ్ల ఇంట్లో వంటకూ ఊడ్పుకూ చేరుతుంది. ఆ ఇంట్లో చావులు మొదలవుతాయి. పనిమనిషి ఎదుట యజమానులు ఏమైనా మాట్లాడతారు. ఆమె వాళ్ల లెక్కలో గోడ, చీపురు. కానీ ఆ గోడకు కళ్లున్నాయి. ఏ పక్క దుప్పటి నలిగిందో, ఏ చొక్కా ఉతుక్కి రాలేదో, ఏ గ్లాసు మాయమైందో ఆమెకే తెలుసు.

మనకొక సామెత ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని. ఈశ్వరుడు పట్టలేని దొంగను ఇల్లు ఊడ్చే మనిషి పడుతుంది. ఆ ఇంటి వాసాలు లెక్కపెట్టింది ఆమె గనక. మన అమ్మలూ అక్కలూ కామందుల ఇళ్లల్లో ఎంత చూడలేదు? ఏ కోడలు ఎట్లా చచ్చిపోయిందో, నిప్పంటుకున్న రోజు కిరసనాయిలు డబ్బా ఎక్కడుందో వాళ్లనడిగిన ఎస్సై ఉన్నాడా?

ఆ నవలకు ఆ సభల్లోనే అగాథా, ఆంథొనీ, మకావిటీ అని మూడు బహుమతులు వచ్చాయి. మొదటి నవలల కింద. కానీ గ్రాండ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది 2020లో. ఆ ఏడు మార్చిలోనే ఆమె కన్నుమూసింది. అంతకుముందు 2016లో వాల్టర్ మోస్లీకి ఇచ్చారు. నల్లవాళ్లలో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. 1955 నుంచి 2016. అరవై ఒక్క ఏళ్లు పట్టింది!

ఇప్పుడు 2018 సంగతి. ఆ ఏడు నవంబరు 27న ఆ సంఘం లిండా ఫెయిర్‌స్టీన్ అనే రచయిత్రికి పెద్ద గౌరవం ప్రకటించింది. ఆమె నవలలు రాయకముందు న్యూయార్కులో సర్కారు ప్రాసిక్యూటరు. లైంగిక నేరాల విభాగానికి అధిపతి. 1989లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఒక తెల్ల యువతిపై దారుణమైన దాడి జరిగింది. పద్నాలుగు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు అయిదుగుర్ని పట్టుకున్నారు. నలుగురు నల్లపిల్లలు, ఒకడు స్పానిషు మాట్లాడే జాతివాడు. గంటల తరబడి స్టేషన్లో కూర్చోబెట్టి ఒప్పించారు. 1990లో శిక్షలు పడ్డాయి. 2002లో అసలు నేరస్తుడు ఒప్పుకున్నాడు, డిఎన్ఏ పరీక్షలో అతనిదే అని తేలింది. అయిదుగురి శిక్షలూ కోర్టు రద్దు చేసింది. 2014లో నగరం నాలుగు కోట్ల పది లక్షల డాలర్లు కట్టింది. బాల్యం మాత్రం ఎవరూ తిరిగి కట్టలేదు. తన వల్ల తప్పేం జరగలేదనే ఫెయిర్‌స్టీన్ చెప్తూ వచ్చింది.

గౌరవం ప్రకటించగానే ఆటికా లాక్ అనే నల్లజాతి రచయిత్రి లేచింది. అదే ఏడు అదే సంఘం నుంచి ఉత్తమ నవలకు ఎడ్గార్ అందుకున్న మనిషి. ఈ గౌరవం ఇవ్వొద్దు, మళ్లీ ఆలోచించండి అని బహిరంగంగా అడిగింది. మిగతా సభ్యులు గొంతు కలిపారు. రెండు రోజుల్లో సంఘం ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకుంది.

తమ్ముళ్లారా, ఇక్కడొక్క నిమిషం ఆగండి. ఆటికా లాక్ ఆ సంఘం బయట నిలబడి కేకేసి ఉంటే ఎవరు వినేవాళ్లు? లోపల ఉంది. వాళ్ల బహుమతి చేతిలో ఉంది. అప్పుడు అడిగింది. లోపలికి పోవడం అంటే కలిసిపోవడం అని మనలో కొందరి భయం. లోపలికి పోయి నోరు మూసుకుంటే కలిసిపోవడమే. లోపలికి పోయి అడిగితే అది వేరే.

ఇంకోటి కూడా చూడండి. అదే 2018లో వాల్టర్ మోస్లీ, కెల్లీ గారెట్, భారతీయ మూలాలున్న గీగీ పాండియన్ కలిసి 'క్రైమ్ రైటర్స్ ఆఫ్ కలర్' అనే కూటమి పెట్టారు. తెల్లవాళ్లు కాని నేరకథా రచయితలంతా ఒకరికొకరు తోడుండటానికి. ముగ్గురితో మొదలై వందల మందికి పెరిగింది. పెద్ద సభకు పోతారు, పోయినచోట తమవాళ్లంతా ఒకచోట కలుస్తారు. ఒంటరిగా పోయినవాడు ఆ బారు మూల చూసి బెదిరిపోతాడు. నలుగురుగా పోతే ఆ మూల మనదీ అవుతుంది.

ఇక మన తెలుగు నేలకు వద్దాం. మేము హైస్కూల్లో ఉన్నప్పుడు బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపుండేది. మధుబాబు షాడో నవలలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు యుగంధర్ నవలలు రోజుకింతని అద్దెకు తెచ్చుకుని, వీధిలైటు కింద చదివేవాళ్లం. చదవటం అలవాటైందే వాటి వల్ల. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. ఆ డిగ్రీలో షాడోకూ యుగంధర్‌కూ కొంచెం వాటా ఉందని చెప్పుకోడానికి మాకు సిగ్గు లేదు. కానీ ఎన్ని వందల పుస్తకాలు తిరగేసినా, మా పల్లె నుంచి వచ్చిన డిటెక్టివు మాకొక్కడూ తగల్లేదు. మనవాళ్లు తగిలితే ఎక్కడ తగిలేవాళ్లు? శవాన్ని మొదట చూసి కెవ్వున అరిచే పనిమనిషి, గేటు దగ్గర నిద్రపోయే కాపలావాడు, లాకప్పులో తన్నులు తినే పాత నేరస్తుడు.

స్టువర్టుపురం తీసుకోండి. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే నేరస్తుడని రాసిపెట్టే చట్టం. మద్రాసు రాష్ట్రానికి 1911లో దాన్ని వర్తింపజేసి, ఆ తరవాత ఎరుకల కుటుంబాల్ని బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరైంది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ కథ పోలేదు. 1991లో ఒకే ఏడు ఆ ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో మళ్లీ ఆ ఊరి దొంగ మీదే ఇంకోటి. ఆ ఊళ్లో టీచర్లున్నారు, ఉద్యోగస్తులున్నారు. ఆ ఊరి పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకని పిల్లలున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఆ పిల్లలు ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకునేట్టు చేసింది ఈ కథలే.

సెంట్రల్ పార్కు పిల్లల లాంటివాళ్లు మనకు లేరా? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. 2008లో ఒక దళిత కుర్రాణ్ని తెచ్చి ఇతనే అన్నారు పోలీసులు. ఇతను కాదు అని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2010లో శిక్ష పడింది. జైల్లో ఉన్న కాలంలో కాళ్లు చచ్చుబడే జబ్బుతో నడవలేకపోయాడు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. లక్ష రూపాయలు పరిహారం. ఈ కథ ఎవరు రాయాలి? డిటెక్టివు ఎవరు కావాలి? బిడ్డ పోయిన దుఃఖంలో కూడా, పట్టుబడ్డవాడు దోషి కాదని చెప్పిన ఆ తల్లి కంటే పెద్ద డిటెక్టివు ఏ నవల్లో ఉంది?

నేరకథకు ప్రాణం ఒకే ప్రశ్న. చంపింది ఎవరు? ఆఖరి పేజీ దాకా దాచిపెట్టేది అదే. మన ఊళ్లల్లో ఆ ప్రశ్నకు జవాబు మొదటి పేజీలోనే తెలుసు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊరందరికీ తెలుసు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఎనిమిది శవాలున్నాయి, హంతకుడు లేడు! ఇంతకంటే పెద్ద మిస్టరీ ఏ రచయిత రాశాడు? ఎఫ్ఐఆర్ ఎవరు రాశారు, ఏ మాట రాయకుండా వదిలారు, పంచనామా మీద సంతకం ఎవరిది, సాక్షి ఎందుకు మాట మార్చాడు, మార్చిన రాత్రి అతని ఇంటికి ఎవరు వచ్చి వెళ్లారు. మన నేరకథలో వెతకాల్సిన ఆధారాలు ఇవి. పట్నం సభలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. మన ముగ్గురు పోయి అడగాలి.

పోయేవాళ్లకు నాలుగు మాటలు.

ఒకటి. ముగ్గురూ కలిసి పోండి, కలిసి కూర్చోండి, భోజనాల దగ్గర మాత్రం విడివిడిగా తిరగండి. అక్కడే పరిచయాలు అవుతాయి. రాసిన కథ శుభ్రంగా రాసిన కాపీ సంచిలో ఉండాలి.

రెండు. "కులం - సాహిత్యం" అని ఒక చర్చ పెట్టి మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టాలని చూస్తారు. అమెరికాలో నల్ల రచయితలు ఎప్పటినుంచో చెప్పుకునే బాధ ఇది. వాళ్లని వైవిధ్యం అనే చర్చకే పిలుస్తారు, కథ ఎట్లా అల్లాలి అనే చర్చకు పిలవరు. ఆ చర్చలో కూర్చోండి, తప్పులేదు. దాంతోపాటు దర్యాప్తు మీద చర్చలో కూడా మాకు కుర్చీ కావాలని అడగండి. లాకప్పు సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు?

మూడు. నేర్చుకోడానికి సిగ్గుపడొద్దు. ఆధారం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మరిపించాలి, పాఠకుణ్ని పేజీ తిప్పించడం ఎట్లా అనేది ఒక పనితనం. చెప్పు కుట్టేవాడికి ఆర ఎట్లాగో రాసేవాడికి అది అట్లాంటిది. ఆ పనితనం వాళ్ల దగ్గరుంది. కోపం ఒక్కటే ఉంటే కరపత్రం అవుతుంది, కథ కాదు.

నాలుగు. మన కథలో కూడా ప్రతి కామందూ హంతకుడు, ప్రతి మనవాడూ దేవుడు అయితే, అది నాక్స్ వెక్కిరించిన చవక నవలే. చీనా మనిషి బదులు ఇంకొకణ్ని పెట్టినట్టవుతుంది. ఆధారం చూపించండి. చూపిస్తే చాలు, మిగతాది పాఠకుడే తేల్చుకుంటాడు.

డబ్బు సంగతి. ముగ్గురికి ఆరు వేలు. మా వంతు వెయ్యి ఇవాళే కోశాధికారి చేతిలో పెడుతున్నాం. మిగతాది ఊరికి రెండొందల చొప్పున పాతిక ఊళ్లు వేస్తే సరిపోతుంది. వాళ్లు తిరిగొచ్చాక ఊరూరా తిరిగి చూసింది చెప్పాలి, రాసింది చదివి వినిపించాలి. అది షరతు. కథలు వినే మొదటి పాఠకులు మన అమ్మలూ అక్కలూ కావాలి. ఎక్కడ అబద్ధం ఉందో, ఏ ఇంట్లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వాళ్లే చెప్తారు.

ఆ చెల్లెలు రాస్తున్న కథ మేము చదివాం. సంక్షేమ హాస్టల్లో బియ్యం బస్తాలు మాయమవుతుంటాయి. వంటామె లెక్క తీస్తుంది. ఎసట్లో పోసిన గిద్దెలు గుర్తుపెట్టుకుని లెక్క తీస్తుంది. ఇంకా ఆఖరి పేజీ రాయలేదు. దొంగ ఎవరో తనకు తెలుసట గానీ మాకు చెప్పలేదు. ఆ కథ పట్నం సభలో చదవాలి. తీర్మానం పెడుతున్నాం, చేతులెత్తండి.